పీక్యాప్_బ్రేక్‌లూప్ పిలిచినా క్యాప్చర్ థ్రెడ్ ఆగట్లేదు, షట్‌డౌన్‌లో ప్రోగ్రాం వేలాడుతోంది (లినక్స్, లిబ్‌పీక్యాప్ 1.9.1)

నైట్‌షిఫ్ట్_నెట్ అడిగిన ప్రశ్న

ప్యాకెట్లు పట్టే లిబ్‌పీక్యాప్ లైబ్రరీ వాడి సీలో రాసిన చిన్న క్యాప్చర్ డెమన్ (వెనక నడిచే ప్రోగ్రాం) ఒకటి ఉంది. సిప్ (ఇంటర్నెట్ కాల్స్ కలిపే ప్రోటోకాల్) సిగ్నలింగ్ ప్యాకెట్లను పట్టి ఫైల్లో రాయడమే దాని పని. నడుస్తున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది, ఆపమన్నప్పుడే మొండికేస్తోంది.

మెషీన్ ఉబుంటు 20.04, కర్నెల్ 5.4, లిబ్‌పీక్యాప్ 1.9.1. ప్రోగ్రాంలో మూడు థ్రెడ్లు. మెయిన్ థ్రెడ్ సిగ్నల్ కోసం కాచుకుని ఉంటుంది. క్యాప్చర్ థ్రెడ్ పీక్యాప్_లూప్‌లో ఉంటుంది, కౌంట్ -1. కాల్‌బ్యాక్ ప్రతి ప్యాకెట్‌నూ కాపీ చేసి 4096 గళ్ల క్యూలో వేస్తుంది. రైటర్ థ్రెడ్ ఆ క్యూలోంచి తీసి పీక్యాప్_డంప్‌తో డిస్కుకు రాస్తుంది. స్నాప్‌లెన్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే బైట్ల హద్దు) 2048, టైమౌట్ 100 మిల్లీసెకన్లు, ఫిల్టర్ "యూడీపీ పోర్ట్ 5060".

ఆపే వరస: సిగ్‌టర్మ్ (ముగించమనే సిగ్నల్) రాగానే రైటర్‌ను ఆగమంటాను, తర్వాత పీక్యాప్_బ్రేక్‌లూప్, తర్వాత క్యాప్చర్ థ్రెడ్ మీద పీథ్రెడ్_జాయిన్ (అది ముగిసేదాకా ఆగడం), ఆఖర్న పీక్యాప్_క్లోజ్.

పగటిపూట కాల్స్ నడుస్తున్నప్పుడు సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ కొడితే వెంటనే ఆగిపోతుంది. రాత్రి ట్రాఫిక్ లేనప్పుడు అదే కమాండ్ 90 సెకన్లు బిగుసుకుపోతుంది, ఆ పైన సిస్టమ్‌డీ సిగ్‌కిల్ పంపి చంపేస్తోంది. ఫైల్ బఫర్లో ఉన్న చివరి ప్యాకెట్లు డిస్కుకు చేరట్లేదు. వైర్‌షార్క్‌లో తెరిస్తే ఫైల్ ప్యాకెట్ మధ్యలో తెగిపోయిందంటోంది.

వేలాడుతున్నప్పుడు డీబగ్గర్ జీడీబీ అటాచ్ చేసి "థ్రెడ్ అప్లై ఆల్ బీటీ" చూశాను. మెయిన్ పీథ్రెడ్_జాయిన్‌లో ఉంది. క్యాప్చర్ థ్రెడ్ స్టాక్ ఇలా ఉంది: పీక్యాప్_లూప్, అందులోంచి పీక్యాప్_రీడ్_లినక్స్_ఎంమ్యాప్_వీ3, అందులోంచి పీక్యాప్_వెయిట్_ఫర్_ఫ్రేమ్స్_ఎంమ్యాప్, చివర పోల్ (కదలిక వచ్చేదాకా కాచుకునే సిస్టం కాల్).

టైమౌట్ 100 ఇచ్చాక ప్రతి 100 మిల్లీసెకన్లకూ బయటికొచ్చి ఆగాలా వద్దా చూసుకోవాలి కదా? అదే కోడ్ మ్యాక్‌లో ట్రాఫిక్ లేకపోయినా టక్కున ఆగుతోంది. ఇదే సర్వర్లో టీసీపీడంప్‌ను అదే ఫిల్టర్‌తో నడిపి కంట్రోల్-సీ కొడితే అదీ టక్కున ఆగుతోంది. జాయిన్‌కు ముందే పీక్యాప్_క్లోజ్ పిలిచి చూస్తే ఒకోసారి సెగ్‌ఫాల్ట్, ఒకోసారి మళ్లీ ఇదే వేలాడటం. పీథ్రెడ్_క్యాన్సిల్ కొట్టేస్తే సరిపోతుందా?

---

హెక్స్‌డంప్

రోగం ఇదేనని ఖాయం చేసుకోవడానికి రెండు నిమిషాల పరీక్ష చెప్తాను.

స్టాప్ కొట్టకముందే మొదలుపెట్టండి, పోల్ మధ్యలో ఉండగా తగిలిస్తే దాని ఆర్గ్యుమెంట్లు కనిపించవు. ఇంకో టెర్మినల్‌లో ఎస్‌ట్రేస్‌ను (సిస్టం కాల్స్ చూపే టూల్) -ఎఫ్ -పీ ఆప్షన్లతో ఆ పీఐడీకి తగిలించండి. ఒక ప్యాకెట్ వచ్చి వెళ్లాక క్యాప్చర్ థ్రెడ్ దగ్గర కొత్త పోల్ కాల్ కనిపిస్తుంది, దాని మూడో ఆర్గ్యుమెంట్ చూడండి. మీరు 100 ఇచ్చినా అక్కడ -1 ఉంటుంది, అంటే ఎంతసేపైనా సరే కూర్చుంటానని.

ఇప్పుడు స్టాప్ కొట్టి వేలాడనిచ్చి, వేరే మెషీన్ నుంచి నెట్‌క్యాట్‌తో ఈ సర్వర్ 5060 పోర్టుకు ఒక్క యూడీపీ ప్యాకెట్ విసరండి. లోపల ఏం రాసినా ఫర్వాలేదు, ఫిల్టర్ దాటితే చాలు. పదో వంతు సెకనులో ప్రోగ్రాం తనంతట తనే ముగిసిందంటే సమస్య పోల్‌దే. ముగియకపోతే ఇంకెక్కడో తాళం పడింది, కొత్త బ్యాక్‌ట్రేస్ పెట్టండి.

---

బఫర్_బాబాయ్

ఎస్‌ట్రేస్‌లో -1 ఎందుకుంటుందో తెలిస్తే మిగతా ముడులన్నీ వాటంతటవే విడిపోతాయి. అందుకని కాస్త వివరంగా రాస్తున్నా.

పీక్యాప్_బ్రేక్‌లూప్ చేసే పని చాలా చిన్నది. హ్యాండిల్‌లో ఒక జెండా ఎత్తుతుంది, అంతే. 1.9.1లో నిద్రపోతున్న థ్రెడ్‌ను తట్టి లేపే బాధ్యత దానికి లేదు. మాన్యువల్ పేజీలోనూ ఈ సంగతి రాసే ఉంది: వేరే థ్రెడ్ పీక్యాప్_లూప్‌లో బ్లాక్ అయి ఉంటే ఈ కాల్ దాన్ని విడిపించదు, ఆ పని ఆపరేటింగ్ సిస్టం ఇచ్చే పద్ధతుల్లో మీరే చేసుకోవాలి అని. జెండాను చూసేది పోల్ నుంచి బయటికొచ్చాక, ఆ తర్వాత ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ మధ్య. పోల్‌లోకి పోయే ముందు చూడదు. కాబట్టి పోల్ లేవకపోతే జెండా ఎత్తి లాభం లేదు.

మరి 100 మిల్లీసెకన్ల టైమౌట్ ఏమైంది? అది "ఇంతసేపటికి తిరిగొస్తాను" అనే హామీ కాదు. ప్యాకెట్ వచ్చిన వెంటనే ప్రోగ్రాంను లేపకుండా, మరికొన్ని పోగయ్యేదాకా ఎంతసేపు ఆగొచ్చో చెప్పే గడువు. లినక్స్‌లో మామూలుగా వాడేది టీప్యాకెట్_వీ3 రింగ్ (కర్నెల్, ప్రోగ్రాం పంచుకునే బఫర్). అందులో ప్యాకెట్లు బ్లాకుల్లోకి చేరతాయి, గడువు తీరగానే కర్నెల్ ఆ బ్లాకును మూసి మీకు అప్పగిస్తుంది. 3.19కి ముందరి కర్నెళ్లలో గడువు తీరి బ్లాకు మూసుకున్నా పోల్ లేచేది కాదు, దాంతో వేరే తలనొప్పులు ఉండేవి. 3.19లో దాన్ని సరిచేశారు, ఆ తర్వాత ఖాళీ బ్లాకును అప్పగించడం కూడా మానేశారు. లిబ్‌పీక్యాప్ యూనేమ్ చూసి కర్నెల్ 3.19 లేదా ఆపైది అయితే "గడువు సంగతి కర్నెల్ చూసుకుంటుంది" అని పోల్‌కు -1 ఇచ్చేస్తుంది. ఒక్క ప్యాకెట్టూ ఫిల్టర్ దాటకపోతే బ్లాకు ఖాళీ, ఖాళీ బ్లాకు అప్పగింపు ఉండదు, పోల్ లేవదు. మీకు పగలు పనిచేసి రాత్రి వేలాడేది ఇందుకే. ఫిల్టర్ ఎంత సన్నగా ఉంటే ఈ తిప్పలు అంత ఎక్కువ.

మ్యాక్‌లో కింద ఉండేది బీపీఎఫ్ డివైస్ (అక్కడ ప్యాకెట్లు పట్టే డివైస్). అక్కడ రీడ్ మొదలైనప్పుడే గడియారం మొదలవుతుంది, ప్యాకెట్ రాకపోయినా గడువు తీరితే రీడ్ ఖాళీ చేతుల్తో తిరిగొస్తుంది, లూప్ జెండా చూసుకుంటుంది. అక్కడ పనిచేసింది కదా అని దాన్ని నమ్ముకోవద్దు. టైమౌట్ ఏ ప్లాట్‌ఫాంలో ఎలా నడవాలో లిబ్‌పీక్యాప్ ఎక్కడా మాటివ్వలేదు.

ఇక టీసీపీడంప్. అందులో క్యాప్చర్ నడిచేది ఒకే థ్రెడ్‌లో. కంట్రోల్-సీ సిగ్నల్ పోల్‌లో ఉన్న ఆ థ్రెడ్‌కే తగులుతుంది, హ్యాండ్లర్ బ్రేక్‌లూప్ పిలుస్తుంది, పోల్ ఈఇంటర్‌తో (సిగ్నల్ అడ్డొచ్చిందనే ఎర్రర్) బయటపడుతుంది, జెండా కనిపిస్తుంది. మీ ప్రోగ్రాంలో సిగ్నల్ తగిలేది మెయిన్‌కు. క్యాప్చర్ థ్రెడ్‌కు ఆ కబురే అందదు.

పరిష్కారాలు మూడున్నాయి, నేను ఇష్టపడే వరసలోనే చెప్తాను.

మొదటిది లైబ్రరీ మార్చడం. 2020 డిసెంబర్‌లో వచ్చిన 1.10.0 నుంచి లినక్స్‌లో ప్రతి హ్యాండిల్‌కూ ఒక ఈవెంట్‌ఎఫ్‌డీ (థ్రెడ్‌కు కబురు పంపే కౌంటర్) ఉంటుంది. పోల్ సాకెట్‌తో పాటు దాని మీదా కన్నేసి ఉంచుతుంది, పీక్యాప్_బ్రేక్‌లూప్ అందులోకి రాస్తుంది. దాంతో థ్రెడ్ వెంటనే లేస్తుంది, మీ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఉబుంటు 22.04లో 1.10.1 ఉంది, డెబియన్ 11లో, రెడ్‌హ్యాట్ 9లో 1.10.0 ఉంది. ఉబుంటు 20.04లోనూ రెడ్‌హ్యాట్ 8లోనూ 1.9.1 దగ్గరే ఆగింది, సెంటోస్ 7లో అయితే మరీ పాత 1.5.3.

ఉబుంటులో ప్యాకేజీ పేరు లిబ్‌పీక్యాప్0.8 అని ఉంటుంది, దాన్ని చూసి వెర్షన్ 0.8 అనుకుని గాభరా పడేవాళ్లున్నారు. అది పేరు మాత్రమే. అసలు వెర్షన్ తెలియాలంటే ప్రోగ్రాం మొదట్లో పీక్యాప్_లిబ్_వెర్షన్ ఇచ్చే స్ట్రింగ్‌ను లాగ్‌లో రాయండి. 1.9.1 అయితే పక్కనే టీప్యాకెట్_వీ3 అని కూడా చెప్తుంది. టీసీపీడంప్ చూపే వెర్షన్ మీ ప్రోగ్రాంది కానక్కర్లేదు. స్టాటిక్‌గా లింక్ చేసి ఉంటే సిస్టం లైబ్రరీ మార్చినా మీ బైనరీలో పాతదే ఉంటుంది.

రెండోది, లైబ్రరీ మార్చే వీల్లేకపోతే పీథ్రెడ్_కిల్. క్యాప్చర్ థ్రెడ్‌కు ప్రత్యేకంగా సిగ్‌యూఎస్‌ఆర్1 పంపి పోల్‌ను భగ్నం చేయడం. దీని మెలకువలు కింద సీత గారు చెప్తే బాగుంటుంది, ఆవిడకు సిగ్నల్స్ కొట్టిన పిండి.

మూడోది పీక్యాప్_లూప్‌నే వదిలేసి సొంత పోల్ రాసుకోవడం. కొత్తగా రాసే ప్రోగ్రాం అయితే నేను కళ్లు మూసుకుని దీనికే ఓటేస్తాను. పీక్యాప్_యాక్టివేట్ అయ్యాక పీక్యాప్_సెట్‌నాన్‌బ్లాక్‌తో నాన్‌బ్లాకింగ్ చేయండి. పీక్యాప్_గెట్_సెలెక్టబుల్_ఎఫ్‌డీ ఇచ్చిన నంబరు ఒకటి, మీరు తెరిచిన ఈవెంట్‌ఎఫ్‌డీ ఒకటి, ఈ రెండిటి మీదా పోల్ పెట్టండి, గడువు -1 ఉన్నా ఫర్వాలేదు. సాకెట్ వైపు కదలిక వస్తే పీక్యాప్_డిస్పాచ్, కౌంట్ -1. ఈవెంట్‌ఎఫ్‌డీ వైపు వస్తే లూప్ నుంచి బయటికి. ఆపాలనుకున్న వాళ్లు ఎవరైనా ఈవెంట్‌ఎఫ్‌డీలో 8 బైట్లు రాస్తే చాలు. రాత కౌంటర్‌లో నిలిచే ఉంటుంది కాబట్టి పోల్‌లోకి వెళ్లకముందే రాసినా కబురు పోదు. సిగ్నల్‌తో వచ్చే రేస్ (ఏది ముందు జరుగుతుందన్న పోటీ) ఇక్కడ పుట్టనే పుట్టదు.

ఇందులో జనం పడే గోతులు చెప్తాను. నాన్‌బ్లాకింగ్ హ్యాండిల్ మీద పీక్యాప్_లూప్ వాడకూడదు, డిస్పాచ్ మాత్రమే. పోల్ నుంచి పోల్ఇన్ ఒక్కటే చూసి పోల్ఎర్ర్‌ను పట్టించుకోకపోతే, ఇంటర్‌ఫేస్ డౌన్ అయిన క్షణం నుంచి పోల్ వెంటవెంటనే తిరిగొస్తూ ఒక కోర్‌ను నూటికి నూరు శాతం తినేస్తుంది. ఏ బిట్ వచ్చినా డిస్పాచ్ పిలవండి, తప్పుంటే అదే -1 ఇస్తుంది, పీక్యాప్_గెట్ఎర్ర్‌లో కారణం దొరుకుతుంది. కొన్ని రకాల డివైసులకు సెలెక్టబుల్ ఎఫ్‌డీ -1 వస్తుంది. కొన్నిటికి పీక్యాప్_గెట్_రిక్వైర్డ్_సెలెక్ట్_టైమౌట్ ఒక గడువు చెప్తుంది, అది నల్ కాకపోతే పోల్‌కు -1 బదులు ఆ గడువే ఇవ్వాలి. మామూలు ఈథర్నెట్‌కు ఇవేమీ ఎదురుకావు.

పీక్యాప్_క్లోజ్ జాయిన్‌కు ముందు పిలవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. రింగ్ మెమరీని మన్‌మ్యాప్ చేసి, హ్యాండిల్‌ను ఫ్రీ చేసేస్తుంది, అవతల థ్రెడ్ ఇంకా ఆ మెమరీనే చదువుతూ ఉంటుంది. సెగ్‌ఫాల్ట్ అక్కణ్నుంచే. పైగా లినక్స్‌లో ఒక థ్రెడ్ పోల్ చేస్తున్న ఎఫ్‌డీని ఇంకో థ్రెడ్ క్లోజ్ చేస్తే పోల్ లేస్తుందన్న భరోసా లేదు. అందుకే మీకు ఒకోసారి అదీ ఒకోసారి ఇదీ.

---

సిగ్నల్_సీత

బాబాయ్ గారూ, పిండి కొట్టే పని నాకు అప్పజెప్పారన్నమాట, సరే.

పీథ్రెడ్_కిల్ దారిలో వెళ్లేటట్టయితే:

మొట్టమొదట, వేరే థ్రెడ్లు పుట్టకముందే మెయిన్‌లో పీథ్రెడ్_సిగ్‌మాస్క్‌తో సిగ్‌టర్మ్, సిగ్‌ఇంట్ రెండిటినీ బ్లాక్ చేయండి. పిల్ల థ్రెడ్లకు ఆ మాస్క్ వారసత్వంగా వస్తుంది. తర్వాత మెయిన్ సిగ్‌వెయిట్‌లో కూర్చుంటుంది. సిగ్‌వెయిట్ తిరిగొచ్చిందంటే ఆపమని అర్థం. హ్యాండ్లర్లో ఏమీ చేయక్కర్లేదు, అసలు హ్యాండ్లరే ఉండదు. హ్యాండ్లర్ నుంచి పీక్యాప్_బ్రేక్‌లూప్ పిలవడం తప్పేం కాదు, సిగ్నల్ హ్యాండ్లర్‌లో పిలవగలిగేలాగే దాన్ని రాశారు. కానీ ఓపిక లేని ఆపరేటర్ రెండోసారి కంట్రోల్-సీ కొట్టేసరికి మెయిన్ అప్పటికే పీక్యాప్_క్లోజ్ దాటి ఉంటే, ఫ్రీ అయిపోయిన హ్యాండిల్‌ను ముట్టుకున్నట్టే. సిగ్‌వెయిట్‌తో ఆ బెడద లేదు.

సిగ్‌యూఎస్‌ఆర్1కు ఖాళీ హ్యాండ్లర్ ఒకటి సిగ్‌యాక్షన్‌తో పెట్టండి. లోపల ఒక్క లైనూ అక్కర్లేదు, కానీ హ్యాండ్లర్ ఉండి తీరాలి. సిగ్_ఇగ్న్ పెడితే కర్నెల్ ఆ సిగ్నల్‌ను పారేస్తుంది, పోల్ కదలదు. ఏమీ పెట్టకపోతే ప్రాసెస్సే చచ్చిపోతుంది. ఎస్‌ఏ_రీస్టార్ట్ ఫ్లాగ్ ఇవ్వకండి. లినక్స్‌లో పోల్‌ను ఆ ఫ్లాగ్ ఉన్నా తిరిగి మొదలుపెట్టరు, ఈఇంటరే వస్తుంది, కాబట్టి ఇక్కడ ఇచ్చినా బయటపడతారు. అదే కోడ్ మ్యాక్‌కో ఫ్రీబీఎస్‌డీకో వెళ్తే అక్కడ ఉండేది రీడ్, దాన్ని తిరిగి మొదలుపెట్టేస్తారు, సిగ్నల్ వచ్చినా లూప్ జెండా దాకా రాదు.

అసలైన చిక్కు రేస్. మీరు జెండా ఎత్తి సిగ్నల్ పంపిన క్షణాన క్యాప్చర్ థ్రెడ్ పోల్‌లో లేదనుకోండి. కాల్‌బ్యాక్ ముగించి పోల్‌లోకి అడుగుపెట్టబోతోంది. సిగ్నల్ వచ్చి ఖాళీ హ్యాండ్లర్ నడిచి వెళ్లిపోయింది. ఆ వెంటనే థ్రెడ్ పోల్‌లోకి వెళ్లి పడుకుంది. పోల్‌కు ముందు జెండా చూడదని బాబాయ్ గారు చెప్పారుగా, ఇక లేపేవాళ్లు లేరు. అందుకని ఒక్కసారి పంపి ఊరుకోకూడదు. బ్రేక్‌లూప్ ఒకసారి పిలిచి, ఆ తర్వాత పీథ్రెడ్_కిల్, 50 మిల్లీసెకన్ల గడువుతో పీథ్రెడ్_టైమ్డ్‌జాయిన్_ఎన్‌పీ, ఈటైమ్డ్ఔట్ వస్తే మళ్లీ కిల్, మళ్లీ జాయిన్. జాయిన్ సున్నా ఇచ్చేదాకా ఇంతే. గడువు ఇచ్చేటప్పుడు అది గడియారం ప్రకారం ఫలానా సమయానికి అని ఇవ్వాలి, క్లాక్_రియల్‌టైమ్ చదివి దానికి 50 కలపండి. నానోసెకన్లు వంద కోట్లు దాటితే సెకన్లలోకి మోయడం మరవకండి, లేకపోతే ఈఇన్‌వాల్ (చెల్లని విలువ అనే ఎర్రర్) వచ్చి ఆ లూప్ పిచ్చిగా తిరుగుతుంది. థ్రెడ్ ముగిసిపోయినా జాయిన్ కానంతవరకూ దాని ఐడీ చెల్లుతుంది కాబట్టి చివర్లో ఒక కిల్ ఎక్కువ పంపినా ప్రమాదం లేదు.

పీథ్రెడ్_క్యాన్సిల్ గురించి అడిగారు. పోల్ క్యాన్సిలేషన్ పాయింటే కాబట్టి అది థ్రెడ్‌ను చంపగలదు. అయితే మీ కాల్‌బ్యాక్‌లో క్యూ మ్యూటెక్స్ (ఒకసారి ఒక థ్రెడ్‌నే రానిచ్చే తాళం) ఉంది. కాండ్_వెయిట్ కూడా క్యాన్సిలేషన్ పాయింటే, అక్కడ క్యాన్సిల్ అయితే మ్యూటెక్స్ మళ్లీ పట్టుకున్నాకే థ్రెడ్ చస్తుంది. క్లీనప్ హ్యాండ్లర్ రాయకపోతే ఆ తాళం ఎప్పటికీ పడే ఉంటుంది, ఈసారి రైటర్ వేలాడుతుంది.

---

రింగ్‌బఫర్

ఇంత హంగామా లేకుండా ఒక అడ్డదారి ఉంది. పీక్యాప్_ఓపెన్_లైవ్ బదులు పీక్యాప్_క్రియేట్ వాడి, యాక్టివేట్‌కు ముందు పీక్యాప్_సెట్_ఇమ్మీడియట్_మోడ్ 1 చేయండి, టైమౌట్ 200 ఉంచండి. ఇమ్మీడియట్ మోడ్‌లో లిబ్‌పీక్యాప్ టీప్యాకెట్_వీ3 జోలికి పోదు, వీ2 రింగ్ తీసుకుంటుంది. వీ2లో బ్లాకు గడువు లేదు కాబట్టి మీరిచ్చిన టైమౌట్‌నే పోల్‌కు ఇస్తుంది. ప్యాకెట్ వచ్చినా రాకపోయినా 200 మిల్లీసెకన్లకోసారి పోల్ లేచి జెండా చూస్తుంది. 1.9.1లో కొద్ది లైన్ల మార్పుతో పని అయిపోతుంది.

ధర ఏమిటంటే, వీ3లాగా ప్యాకెట్లు మూటగా రావు, వచ్చిందాన్ని వచ్చినట్టే అందించడానికి ప్రోగ్రాం ఎక్కువసార్లు లేవాల్సి వస్తుంది. వీ2లో ప్రతి ప్యాకెట్‌కూ సమానమైన గడి ఉంటుంది కాబట్టి స్నాప్‌లెన్ 262144 లాంటిది పెట్టి ఉంటే అదే బఫర్లో పట్టే ప్యాకెట్లు తగ్గొచ్చు. సిప్ సిగ్నలింగ్‌కు ఇవేవీ లెక్కలోకి రావు. 10 గిగాబిట్ లింకు మీద మొత్తం ట్రాఫిక్ పట్టేవాళ్లు మాత్రం ఈ దారి పట్టకండి.

ఇంకో మాట: టైమౌట్ 0 పెట్టి ఇది చేస్తే ప్రయోజనం సున్నా. 0 అంటే పోల్‌కు మళ్లీ -1.

---

నైట్‌షిఫ్ట్_నెట్

అందరికీ ధన్యవాదాలు. హెక్స్‌డంప్ చెప్పిన పరీక్ష చేశాను. ఎస్‌ట్రేస్‌లో -1 కనిపించింది, ఒక ప్యాకెట్ విసరగానే ప్రోగ్రాం ముగిసింది. ఆ మెషీన్లో లైబ్రరీ మార్చే అధికారం నాకు లేదు, అందుకని సీత గారి పద్ధతి పెట్టాను. ఖాళీ నెట్‌వర్క్ మీద ఇప్పుడు వెంటనే ఆగుతోంది.

అయితే లోడ్ టెస్ట్‌లో ఇంకో రకంగా వేలాడింది. సిప్ జనరేటర్‌తో గట్టిగా కొడుతూ మధ్యలో స్టాప్ ఇస్తే, క్యాప్చర్ థ్రెడ్ పోల్‌లో కాకుండా నా కాల్‌బ్యాక్‌లోనే పీథ్రెడ్_కాండ్_వెయిట్ దగ్గర ఆగి ఉంది. మెయిన్ టైమ్డ్‌జాయిన్ లూప్‌లో తిరుగుతూనే ఉంది. రైటర్ థ్రెడ్ అప్పటికే ముగిసింది.

---

బఫర్_బాబాయ్

ఇది వేరే రోగం, దీనికి లిబ్‌పీక్యాప్‌తో చుట్టరికం లేదు. మీ ఆపే వరసలో రైటర్‌ను ముందు ఆపుతున్నారు. క్యూ 4096 గళ్లూ నిండి ఉన్న సమయంలో రైటర్ వెళ్లిపోతే, కాల్‌బ్యాక్ గడి ఖాళీ కావాలని ఎదురుచూస్తుంది, ఖాళీ చేసేవాడు లేడు. సిగ్నల్ వచ్చినా కాండ్_వెయిట్ ఈఇంటర్ ఇవ్వదు. కాల్‌బ్యాక్ తిరిగి రానిదే లూప్ జెండా చూడదు. తక్కువ ట్రాఫిక్‌లో క్యూ నిండదు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు.

నీళ్లు వచ్చే వైపు నుంచి కట్టుకుంటూ రావాలి. బ్రేక్‌లూప్, కిల్, క్యాప్చర్ థ్రెడ్ జాయిన్. అది ముగిశాక, ఇక కొత్త ప్యాకెట్ రాదు కాబట్టి, క్యూకు "ఇంతటితో సరి" అని గుర్తు పెట్టి రైటర్‌ను లేపండి. రైటర్ ఆ గుర్తు చూసినా క్యూ ఖాళీ అయ్యేదాకా రాస్తూనే ఉండాలి. తర్వాత రైటర్ జాయిన్, పీక్యాప్_డంప్_క్లోజ్, లెక్కలు కావాలంటే పీక్యాప్_స్టాట్స్, అన్నిటికన్నా ఆఖర్న పీక్యాప్_క్లోజ్. స్టాట్స్‌ను క్లోజ్ తర్వాత అడిగే కోడ్ కూడా చూస్తుంటాం, అక్కడ హ్యాండిలే ఉండదు.

కాల్‌బ్యాక్‌లో బ్లాక్ కావడమే నాకు నచ్చదు. క్యూ నిండితే ఆ ప్యాకెట్‌ను వదిలేసి ఒక కౌంటర్ పెంచండి. మీరు అక్కడ ఆగినంత మాత్రాన ప్యాకెట్ దక్కదు. వెనక కర్నెల్ రింగ్ నిండిపోయి అక్కడ రాలిపోతుంది, పీఎస్_డ్రాప్‌లో లెక్క పెరుగుతుంది. మీ చేతిలో రాలితే కనీసం ఏది రాలిందో మీకు తెలుస్తుంది. అయినా ఆగాల్సిందేనంటే ఆ నిరీక్షణ షరతులో "ఆపమన్నారా" అన్న జెండాను కూడా కలిపి, ఆపేటప్పుడు కాండ్_బ్రాడ్‌కాస్ట్ కొట్టండి.

జాయిన్ చేసే మెయిన్ థ్రెడ్ చేతిలో ఆ సమయంలో ఏ మ్యూటెక్సూ ఉండకూడదు. జీడీబీలో ఒక థ్రెడ్ జాయిన్‌లో, ఇంకోటి మ్యూటెక్స్_లాక్‌లో కనిపిస్తే, ఆ మ్యూటెక్స్‌ను ప్రింట్ చేసి ఓనర్ ఫీల్డ్‌లో ఉన్న నంబరు చూడండి. ఏ థ్రెడ్ పట్టుకుని కూర్చుందో దాని టీఐడీ (థ్రెడ్ నంబరు) అక్కడే ఉంటుంది.

---

హెక్స్‌డంప్

చివరి ప్యాకెట్లు కూడా కావాలనుకుంటే ఒక సంగతి. బ్రేక్‌లూప్‌తో బయటికొచ్చినప్పుడు పీక్యాప్_లూప్ -2 ఇస్తుంది, కానీ రింగ్‌లో ఇంకా చదవని ప్యాకెట్లు ఉండొచ్చు, వెంటనే క్లోజ్ చేస్తే అవి పోతాయి. క్యాప్చర్ థ్రెడ్‌లోనే, -2 వచ్చాక, నాన్‌బ్లాకింగ్ చేసి, 100 మిల్లీసెకన్ల కన్నా కాస్త ఎక్కువసేపు ఆగండి, సగం నిండిన బ్లాకు గడువు తీరి చేతికొస్తుంది. తర్వాత డిస్పాచ్‌ను అది 0 ఇచ్చేదాకా పిలవండి. రద్దీ ఉన్న లింకు మీద 0 ఎప్పటికీ రాకపోవచ్చు, అందుకని అర సెకను లాంటి పైహద్దు పెట్టుకోవాలి. లేకపోతే వేలాడటాన్ని ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చినట్టే.

---

రింగ్‌బఫర్

చివరిగా, వేలాడటం కాని వేలాడటం ఒకటుంది. చాలా ఇంటర్‌ఫేసుల మీద హ్యాండిళ్లు తెరిచి ఆపేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి మూస్తే మొత్తం కలిసి సెకన్లు పట్టొచ్చు. ప్యాకెట్ సాకెట్ మూసేటప్పుడు కర్నెల్ సింక్రొనైజ్_నెట్ దగ్గర ఆర్‌సీయూ గ్రేస్ పీరియడ్ (పాత డేటా చదువుతున్నవాళ్లంతా ముగించే వ్యవధి) ముగిసేదాకా ఆగుతుంది. రింగ్‌ను తీసేసేటప్పుడూ అంతే. పీఎస్‌లో -ఎల్ పెట్టి స్టాట్, డబ్ల్యూచాన్ కాలమ్‌లు చూస్తే థ్రెడ్ "డీ" స్థితిలో (సిగ్నల్‌తో లేపలేని నిద్ర) కనిపిస్తుంది, రూట్‌గా ప్రాక్ కింద ఆ టాస్క్ స్టాక్ ఫైల్ చదివితే ప్యాకెట్_రిలీజ్ కనిపిస్తుంది. అక్కడ జీడీబీతో కుస్తీ పట్టి లాభం లేదు, దానంతటదే ముగుస్తుంది. హ్యాండిళ్లను వేర్వేరు థ్రెడ్లలో ఒకేసారి మూస్తే ఆ నిరీక్షణలు ఒకదాని మీద ఒకటి పడి మొత్తం సమయం తగ్గుతుంది.

దీన్ని కంటైనర్లో నడిపేవాళ్లకు ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. సిస్టమ్‌డీ 90 సెకన్లు ఓపిక పడుతుంది, డాకర్ స్టాప్ మామూలుగా 10 సెకన్లే. బయటికొచ్చిన కోడ్ 137 అయితే మీ ప్రోగ్రాం తనంతట తను ఆగలేదు, సిగ్‌కిల్ తిన్నది.